మందు ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది?
జూలియస్ ఆక్సెల్‌రాడ్ శాస్త్రజీవితం

పి.యు.సి. అనండి, ప్లస్ టూ అనండి, ఇంటర్ అనండి, జీవశాస్త్రం తీసుకున్న పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వేసవి చివర ఒక ప్రశ్న వస్తుంది. మెడికల్ సీటు రాలేదు, ఇప్పుడేం చేయాలి? హోసూరులో అయినా, బళ్ళారిలో అయినా, బరంపురంలో అయినా, షోలాపూరులో అయినా, యానాంలో అయినా ప్రశ్న ఇదే. కొందరు మరో ఏడాది కోచింగుకు పంపుతారు. కొందరు అప్పు చేసి సీటు కొనాలని చూస్తారు. డిగ్రీలో చేరిన పిల్లవాడిని "ఏదో చదువుతున్నాడులెండి" అని బంధువులకు పరిచయం చేసే తల్లిదండ్రులూ ఉన్నారు. అటువంటి పిల్లలకూ, వారికంటె ముఖ్యంగా వారి తల్లిదండ్రులకూ తెలియవలసిన ఒక శాస్త్రజ్ఞుని గురించి ఈ వ్యాసం.

ఆయన పేరు జూలియస్ ఆక్సెల్‌రాడ్. అమెరికన్. వైద్య కళాశాలలకు దరఖాస్తు పెట్టారు, ఎక్కడా సీటు రాలేదు. ఇరవై ఏళ్ళకు పైగా డాక్టరేటు లేకుండానే ప్రయోగశాలల్లో పనిచేశారు. 1970లో వైద్యరంగంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. మందులు మెదడు మీద ఎలా పనిచేస్తాయన్నది ఈనాడు మనకు తెలిసినంత మేరకు తెలియడానికి ఆయన పని ఒక ముఖ్యమైన పునాది.

ఆక్సెల్‌రాడ్ 1912 మే 30న న్యూయార్క్ నగరంలో, వలస వచ్చిన పేద యూదులు కిక్కిరిసి ఉండే లోయర్ ఈస్ట్ సైడ్ ప్రాంతంలో పుట్టారు. తల్లిదండ్రులు పోలండ్ ప్రాంతం నుంచి వచ్చినవారు. తండ్రి బుట్టలు తయారుచేసి, గుర్రపు బండి మీద వేసుకుని కిరాణా కొట్లకూ పూల వర్తకులకూ అమ్మేవారు. బడిలో కుర్రవాడికి అంత గొప్ప మార్కులేమీ రాలేదు. బాగా చదివే పిల్లలను చేర్చుకునే హైస్కూలులో చేరాలనుకుంటే మార్కులు చాలక వీలుపడలేదు. తన అసలు చదువు ఇంటికి దగ్గరలో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో జరిగిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. దొరికిన పుస్తకమల్లా చదివేవారట.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చేరిన ఏడాదికే డబ్బు అయిపోయింది. అక్కడితో చదువు ఆగిపోవలసిందే. కాని ఆ నగరంలో సిటీ కాలేజీ అని ఒకటి ఉంది. అందులో ఆ రోజుల్లో ఫీజు లేదు. ఊరి ప్రజల పన్నులతో నడిచేది. ఆయన అందులోకి మారి 1933లో డిగ్రీ పూర్తిచేశారు. ఉపకారవేతనాల మీద చదువుకునే మన పిల్లలు ఈ సంగతి గమనించాలి. ఫీజు కట్టనక్కరలేని కాలేజీ ఒకటి అప్పుడు లేకపోయి ఉంటే మిగతా కథ ఏదీ లేదు.

మెడికల్ సీటు ఎందుకు రాలేదంటే, మార్కులు ఒక కారణం కావచ్చు. కాని ఆ కాలంలో అమెరికాలోని చాలా వైద్య కళాశాలలు యూదు విద్యార్థుల సంఖ్యకు ఒక హద్దు పెట్టుకుని, అది దాటకుండా చూసుకునేవి. పైగా 1933 అంటే ఆర్థికమాంద్యం తీవ్రంగా ఉన్న రోజులు. డిగ్రీ చేత పట్టుకుని తిరిగినా ఉద్యోగం లేదు. చివరికి ఒక పరిశోధనశాలలో నెలకు 25 డాలర్లకు సహాయకుడుగా చేరారు. 1935లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఏర్పాటుచేసిన ఒక లాబొరేటరీలో పని దొరికింది. పాలల్లోనూ ఇతర ఆహార పదార్థాల్లోనూ కలిపిన విటమిన్లు చెప్పినంత మోతాదులో ఉన్నాయా లేవా అని పరీక్షించడం అక్కడి పని. రోజూ అదే పని. పదకొండేళ్ళు చేశారు.

ఆ పదకొండేళ్ళు వృథా అనిపించవచ్చు. నిజానికి అలా కాలేదు. విటమిన్లు కొలిచే పద్ధతులు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. ఒక్కొక్క ఆహారానికీ కాస్త కాస్త మార్చుకోవాలి. ఒక పదార్థం అతి తక్కువ పరిమాణంలో ఉన్నా దాన్ని పట్టుకుని కొలిచే చేతివాటం ఆయనకు అక్కడే అబ్బింది. ఆ లాబొరేటరీకి వచ్చే జీవరసాయన శాస్త్ర పత్రికలను వదలకుండా చదివారు. సాయంత్రం కాలేజీలో చేరి 1941లో మాస్టర్స్ డిగ్రీ సంపాదించారు. అక్కడ పనిచేసే రోజుల్లోనే అమ్మోనియా సీసా పేలి ఎడమకన్ను పోయింది. మిగతా జీవితమంతా ఒక్క కంటితోనే ప్రయోగాలు చేశారు.

1946 తొలినాళ్ళలో ఆయన దారి మారింది. ఆ రోజుల్లో తలనొప్పికీ జ్వరానికీ వాడే మందులలో ఎసిటానిలైడ్ అనేది ఒకటి. 1886 నుంచి వాడుకలో ఉంది. నొప్పి తగ్గేది గాని, ఎక్కువ రోజులు వాడినవారిలో కొందరికి పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరిగేవి. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ మారిపోయి, మోయలేని రూపంలోకి వెళ్ళిపోవడం వల్ల అలా జరిగేది. కారణమేమిటో కనుక్కోమని ఆ మందుల తయారీదారులు పెట్టిన ఒక సంస్థ ఆక్సెల్‌రాడ్ పనిచేసే లాబొరేటరీకి డబ్బు ఇచ్చింది. ఆయనకు ఇటువంటి పరిశోధన చేసిన అనుభవం లేదు. గోల్డ్‌వాటర్ ఆసుపత్రిలో బెర్నార్డ్ బ్రోడీ అనే ఆయన ఉన్నారు, వెళ్ళి అడగమని పైవారు సలహా ఇచ్చారు. ఆక్సెల్‌రాడ్ 1946 ఫిబ్రవరిలో బ్రోడీని కలిశారు. అప్పటికి ఆయన వయసు 33.

బ్రోడీ ఒక మాట చెప్పారు. మందు ఒంట్లోకి వెళ్ళాక వెళ్ళినది వెళ్ళినట్టుగా ఉండదు, శరీరం దాన్ని ఇంకొకటిగా మారుస్తుంది. ఏమి మారుస్తుందో చూడమన్నారు. ఈనాడు ఫార్మసీ మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెప్పే మాటే, అప్పుడు అంత మామూలు విషయం కాదు. ఎసిటానిలైడ్ నిర్మాణం చూస్తే అది విడిపోయినప్పుడు అనిలిన్ రావచ్చు. అనిలిన్ విషపదార్థం. ఆక్సెల్‌రాడ్ రక్తంలోనూ మూత్రంలోనూ అనిలిన్‌ను కొలిచే పద్ధతి తయారుచేశారు. అనిలిన్ ఎంత ఎక్కువ ఉంటే హిమోగ్లోబిన్ అంత ఎక్కువ పాడవుతోందని తేలింది. నీలిరంగుకు కారణం దొరికింది.

కాని అనిలిన్‌గా మారేది కొద్ది భాగమే. మిగతాదంతా ఏమవుతోంది? వెతికితే అది మరొక పదార్థంగా మారుతోంది. నొప్పి తగ్గించే గుణం నిజానికి దానిదే, విషగుణం మాత్రం దానికి లేదు. అయితే నేరుగా దాన్నే ఇస్తే సరిపోతుంది కదా! 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ కలిసి ఈ సంగతి ప్రకటించారు. ఆ పదార్థం పేరు పారాసిటమాల్. అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. విశేషమేమిటంటే దాన్ని 1878లోనే ఒక రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు, 1893లో ఒక వైద్యుడు రోగుల మీద వాడి చూశాడు కూడా. సురక్షితం కాదనుకుని పక్కన పెట్టారు. యాభై ఏళ్ళు అలాగే పడివుంది. మన ఇళ్ళలో క్రోసిన్, కాల్‌పాల్, డోలో పేర్లతో ఉన్న మాత్ర ఇదే. డిగ్రీలు పెద్దగా లేని ఒక లాబొరేటరీ ఉద్యోగి తన మొదటి పరిశోధనలో పట్టుకున్న సంగతి ఇది. (పారాసిటమాల్ కూడా మోతాదు మించితే కాలేయాన్ని పాడుచేస్తుందన్నది తరువాత తేలింది. జ్వరం తగ్గలేదని గంటకొక మాత్ర మింగేవారికి ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ మాట చెప్పాలి.)

1949లో అమెరికా ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య సంస్థలలోని హృద్రోగ సంస్థ పరిశోధనలకు జేమ్స్ షానన్ అధిపతి అయ్యారు. ఆయన బ్రోడీని, బ్రోడీతో పాటు ఆక్సెల్‌రాడ్‌ను మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెథెస్డాకు రప్పించారు. ఆ ప్రయోగశాలలో ఒంటికి, మెదడుకు సంబంధించిన ఎన్నో మందుల గుట్టు బయటపడింది. మన దేశంలో పిచ్చికీ నిద్రలేమికీ తరతరాలుగా వాడిన సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్, మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో కనిపెట్టినది బ్రోడీ బృందమే. ఆక్సెల్‌రాడ్ అక్కడ కాఫీలో ఉండే కెఫీన్ మనిషి ఒంట్లో ఏమవుతుందో పరిశీలించారు. తరువాత ఆంఫెటమిన్ వంటి ఉత్తేజపరిచే మందుల మీదకు వెళ్ళారు. వాటిని కాలేయంలోని ఏ భాగం విరిచేస్తుందో వెతుకుతూ, కణాల లోపలి సూక్ష్మ భాగాలలో మందులను మార్చే ఎంజైములున్నాయని చూపించారు. ఈనాడు ఏ కొత్త మందు బయటికి రావాలన్నా ఆ ఎంజైముల పరీక్ష తప్పదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆ ఎంజైముల ఘనత ఎవరిది అన్న విషయంలో బ్రోడీకీ ఆయనకూ మనస్పర్థలు వచ్చాయి. ఇద్దరిలో ఎవరిది ఎంత అన్నది మనం తీర్పు చెప్పలేం. దారి చూపింది బ్రోడీయే. ఆ మాట ఆక్సెల్‌రాడ్ చివరిదాకా ఒప్పుకున్నారు. కాని డాక్టరేటు లేని మనిషి ఎంత చేసినా ఇంకొకరి చేతికింద మనిషిగానే లెక్క అని ఆయనకు అర్థమైంది. సెలవు పెట్టి జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికే చేసిన పరిశోధనలనే సిద్ధాంత గ్రంథంగా సమర్పించి, తప్పనిసరి పాఠాలు చదివి, తనకంటె చాలా చిన్నవాళ్ళతో కలిసి పరీక్షలు రాసి, 1955లో, 43వ ఏట డాక్టరేటు పుచ్చుకున్నారు. అప్పటికి ఇద్దరు పిల్లల తండ్రి. ప్రతిభ ఉంటే పట్టా అక్కరలేదని కొందరు ఉపన్యాసాలలో చెబుతుంటారు. ఆక్సెల్‌రాడ్ జీవితం ఆ మాటను బలపరచదు. పని ఆయనకు పట్టా లేకుండానే వచ్చింది. సొంత ప్రయోగశాల మాత్రం పట్టాతోనే వచ్చింది.

ఆ ఏడాదే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సేమూర్ కెటీ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు ఆయనకు ఒక విభాగం అప్పగించారు. మెదడు గురించి గాని నాడుల గురించి గాని ఆక్సెల్‌రాడ్‌కు అప్పటికి తెలిసింది తక్కువే. తెలిసిన పని ఒకటే: ఏ పదార్థమైనా ఒంట్లో ఏమవుతుందో వెంబడించడం. అదే ప్రశ్నను ఈసారి బయటినుంచి వచ్చే మందు మీద కాక, శరీరమే తయారుచేసుకునే పదార్థం మీద వేశారు.

కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒక నాడీకణానికీ పక్క కణానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. మొదటి కణం ఒక రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది, అవతలి కణం దాన్ని అందుకుని స్పందిస్తుంది. అలాంటి రసాయనాలలో నారెడ్రినలిన్ ఒకటి. గుండెవేగం పెంచడం, రక్తపోటు పెంచడం, మెలకువగా ఉంచడం వంటివి దాని పనులు. వార్త చేరిన తరువాత ఆ రసాయనం సందులోనే ఉండిపోతే గుండె ఆగకుండా పరుగెడుతూనే ఉండాలి. అలా జరగడం లేదు కనుక దాన్ని ఏదో ఒకటి తొలగిస్తోంది. ఎలా? ఏదో ఎంజైము విరిచేస్తుందని అప్పటివారి నమ్మకం. ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం విషయంలో అలాగే జరుగుతుంది కనుక ఆ ఊహ సహజమే.

ఆక్సెల్‌రాడ్ కూడా మొదట ఎంజైమునే వెతికారు, ఒకదాన్ని కనుక్కున్నారు కూడా. దాని పేరు పొట్టిగా సి.ఓ.ఎం.టి. (పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే ఎంటకపోన్ అనే మందు దాన్ని అడ్డుకునేదే.) కాని ఆ ఎంజైమును అడ్డుకుని చూసినా నారెడ్రినలిన్, ఎడ్రినలిన్‌ల ప్రభావం ఎప్పటిలాగే త్వరగా తగ్గిపోతోంది. అంటే అసలు దారి వేరే ఏదో ఉంది. తాను కనిపెట్టిన ఎంజైమే సమాధానమని పట్టుబట్టి కూర్చోలేదు, ముందుకు వెళ్ళారు. ఈ గుణం శాస్త్రజ్ఞులందరిలోనూ ఉండదు.

కెటీ వేరే ప్రయోగం కోసం రేడియోధార్మికత కలిపిన ఎడ్రినలిన్, నారెడ్రినలిన్ తయారుచేయించి తెప్పించారు. అందులో కొంచెం ఆక్సెల్‌రాడ్ అడిగి పుచ్చుకున్నారు. అలాంటి గుర్తు ఉన్న పదార్థం ఒంట్లో ఎక్కడికి వెళ్ళినా పట్టుకోవచ్చు. పిల్లులకు ఎక్కించి చూస్తే, దాని ప్రభావం పోయిన చాలాసేపటి తరువాత కూడా అది గుండెలో, ప్లీహంలో, లాలాజల గ్రంథుల్లో చెక్కుచెదరకుండా ఉంది. నాడులు దట్టంగా ఉండే అవయవాలవి. అయితే అది దాక్కున్నది నాడులలోనా?

దీన్ని తేల్చడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన గియోర్గ్ హెర్టింగ్‌తో కలిసి చేసిన ప్రయోగం చూడండి. పిల్లి మెడలో ఒక పక్క మాత్రమే నాడీముడిని తీసేశారు. ఆ పక్క నాడులు నశించేదాకా ఆగి, రేడియోధార్మిక నారెడ్రినలిన్ ఎక్కించారు. నాడులు ఉన్న పక్క అది చేరింది. లేని పక్క దాదాపు చేరలేదు. ఒకే జంతువులో రెండు పక్కలు, ఒకదానికి ఒకటి సాక్ష్యం. 1961లో ఫలితం ప్రకటించారు. నాడి వదిలిన రసాయనాన్ని ఆ నాడే వెనక్కి తీసుకుంటుంది! సాయంత్రం సంత ముగిశాక మిగిలిన సరుకును పారేయకుండా గంపలో సర్దుకుని మర్నాడు మళ్ళీ అమ్మకానికి పెట్టినట్టన్నమాట.

మందులకూ మెదడుకూ సంబంధం ఇక్కడ తెలిసింది. కొకెయిన్ ఇస్తే ఈ వెనక్కి తీసుకోవడం ఆగిపోతోంది. రసాయనం సందులో ఎక్కువసేపు నిలిచి, నాడి అదేపనిగా ఉద్రేకపడుతుంది. ఆ రోజుల్లోనే దిగులు జబ్బుకు కొత్తగా వాడుతున్న ఇమిప్రమిన్ అనే మందు ఉంది. అది పనిచేస్తుందని స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ 1957లో చెప్పారు గాని ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. అది కూడా ఇదే తలుపును మూస్తోందని ఆక్సెల్‌రాడ్ బృందం 1961లో చూపింది. ఆపైన ఫ్రాన్సు నుంచి వచ్చిన జాక్ గ్లోవిన్‌స్కీ రేడియోధార్మిక పదార్థాన్ని నేరుగా ఎలుక మెదడులోకి ఎక్కించే పద్ధతి తెచ్చి, మెదడులో కూడా అలాగే జరుగుతోందని రుజువుచేశారు. ఒకే తలుపును మూసే రెండు పదార్థాలలో ఒకటి మనిషిని వ్యసనంలో ముంచుతోంది, మరొకటి మంచంపట్టిన మనిషిని లేపుతోంది. ఎంత త్వరగా, ఏ రసాయనానికి, మెదడులో ఏ భాగంలో మూస్తుందన్న దానిమీద తేడా ఉంటుంది. ఆ తేడాల మీద పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూవాక్సెటిన్, ఆ తరువాత వచ్చిన అదే కోవ మందులు సెరటోనిన్ విషయంలో ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. అయితే దిగులు జబ్బు అంటే మెదడులో ఒక రసాయనం తక్కువ కావడమే అనే తేలిక వివరణను ఈనాటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోవడం లేదు. తలుపు గంటల్లో మూసుకుంటుంది, రోగికి గుణం కనబడడానికి వారాలు పడుతుంది. మధ్యలో మెదడులో ఏం జరుగుతోందో పూర్తిగా తేలలేదు. అలాగని డాక్టరు ఇచ్చిన మాత్రలను చెప్పకుండా మానేయడం ప్రమాదం. మన కుటుంబాలలో ఈ మందులు వాడేవారు ఉన్నారు, ఉన్నట్టు బయటికి చెప్పరు. బి.పి. మాత్రకు లేని సిగ్గు దీనికెందుకో తెలియదు.

1970లో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ వాన్ ఆయిలర్, లండన్‌లో పనిచేసే బెర్నార్డ్ కాట్జ్‌లతో కలిపి ఆక్సెల్‌రాడ్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ కబురు ఆయనకు పంటి డాక్టరు దగ్గర తెలిసిందట! ఆ తరువాత కూడా కొద్దిమంది కుర్ర శాస్త్రజ్ఞులతో చిన్న ప్రయోగశాలే నడిపారు. వారిలో సాలమన్ స్నైడర్ ఒకరు. నల్లమందు, మార్ఫిన్ మెదడులో అతుక్కునే చోటును 1973లో తన విద్యార్థిని కాండేస్ పెర్ట్‌తో కలిసి చూపించినది స్నైడరే. బ్రోడీ నుంచి ఆక్సెల్‌రాడ్‌కు, ఆయన నుంచి స్నైడర్‌కు, స్నైడర్ నుంచి పెర్ట్‌కు వచ్చిన ఈ గురుశిష్య పరంపర మీద రాబర్ట్ కానిగెల్ 1986లో 'అప్రెంటిస్ టు జీనియస్' అనే పుస్తకం రాశారు. కుంభకోణం రామానుజన్ జీవితచరిత్ర రాసిన కానిగెల్ ఈయనే. ఇంగ్లీషు కాస్త చదవగల పిల్లలు కాలేజీ లైబ్రరీలో అడిగి చూడవచ్చు. ఆక్సెల్‌రాడ్ 1984లో పదవీ విరమణ చేసినా అతిథి పరిశోధకుడుగా వెళ్తూనే ఉండి, 2004 డిసెంబరు 29న, 92వ ఏట కన్నుమూశారు.

ఈ దారిలో వెళ్ళదలచిన మన పిల్లలకు నాలుగు మాటలు. బి.ఫార్మసీ చదివినవారు జీప్యాట్ పరీక్ష రాసి ఎం.ఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకోవచ్చు. అర్హత పొందినవారికి ఉపకారవేతనం ఉంది. హైదరాబాదు, కోల్‌కతా, మొహాలీ మొదలైన చోట్ల నైపర్ సంస్థలున్నాయి. జీవరసాయనం, జంతుశాస్త్రం, జీవసాంకేతికం వంటి వాటిలో ఎం.ఎస్సీ. చేసినవారు సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సంపాదిస్తే, 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తున్నారు. పరిశోధన అంటే ఇంటినుంచి డబ్బు తెచ్చి చదవాలని చాలామంది తల్లిదండ్రులు ఇంకా అనుకుంటున్నారు, అలా కాదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో మానసిక ఔషధాలకు ప్రత్యేక విభాగమే ఉంది. అదే ఊళ్ళో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో నాడీశాస్త్ర కేంద్రం, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. వీటిలో వేటికీ ఎం.బి.బి.ఎస్. తప్పనిసరి కాదు. ప్రవేశ ప్రకటనలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలో వస్తాయి. కళాశాల నోటీసు బోర్డు మీద పెడతారని ఎదురుచూడకుండా, డిగ్రీ ఆఖరి సంవత్సరం నుంచే నెలకొకసారి చూస్తూ ఉండాలి.